సాంచెకు వేలాడిన పాఠం

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో చెప్పలేదు, స్నేహితురాళ్లకు చెప్పలేదు, రోజూ రాసుకునే డైరీకి కూడా చెప్పలేదు (నా డైరీ ఎక్కడ ఉంటుందో మా అమ్మకు తెలుసు, తెలియనట్టు ఉండడం కూడా ఆమెకు బాగా తెలుసు). కొన్నేళ్ల కింద జగిత్యాల, సిరిసిల్ల వైపు సర్కారు బడుల్లో పిల్లలకు ట్యాబులు ఇచ్చారు. వాటిలో ఒక ఆడగొంతు ఉండేది. పాఠం నడుస్తూ నడుస్తూ ఆగి, "ఇంకా అక్కడే ఉన్నావా, చిన్నారీ? ఉంటే ట్యాబును ఒకసారి ఊపు" అని అడిగేది. ఊపితే "శభాష్" అని ఒక చుక్క ఇచ్చేది. ఆ గొంతు నాది.

ఆ రోజుల్లో నన్ను ఎరిగినవాళ్లు ఎవరూ ఈ మాట నమ్మి ఉండరు. నేను పెళ్లిళ్లలో ఎవరైనా పలకరిస్తే తల ఊపి జవాబు చెప్పే పిల్లను. దుకాణంలో కావలసిన వస్తువును వేలితో చూపించి తెచ్చుకునేదాన్ని. కనబడకపోతే, అది అవసరం లేదని సర్దుకుని ఇంటికి వచ్చేదాన్ని. దీనికి కారణం మా బాపు అని నా నమ్మకం. ఆయన ఆర్టీసీ కండక్టరు. కోరుట్ల, జగిత్యాల మధ్య తిరిగీ తిరిగీ, మా వంశానికంతటికీ రావలసిన గొంతును ఆయనే వాడేసుకున్నారు. ఆయన "జరుగుండ్రి, జరుగుండ్రి" అంటే బస్సే కొంచెం జరిగినట్టుండేది. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని కిటికీ పక్కన కూర్చుంటే, ప్రయాణికులు నన్ను చూపించి ఆయన్నే అడిగేవారు.

"ఏం జేత్తంది కండక్టర్ సాబ్, నీ బిడ్డ?"

"పట్నంల పెద్ద సదువు. పోరగాండ్లు ఎట్ల నేర్సుకుంటరో, గది నేర్సుకుంటంది."

"గది సుత నేర్సుకునుడేంది? బడికి తోలితె ఆల్లే నేర్సుకుంటరు."

"కంప్యూటర్ల ఉంటదట తియ్."

"గట్లనా. మరి నీ బిడ్డకు మాటలు అత్తయా?"

"అత్తయి. దాసుకుంటది," అనేవారు బాపు టికెట్టు చింపి ఇస్తూ.

ఆ పెద్ద చదువు పేరు లెర్నింగ్ సైన్సెస్, ఎడ్యుకేషనల్ టెక్నాలజీ. మనిషి ఎట్లా నేర్చుకుంటాడు, దానికి యంత్రం ఎట్లా సాయపడుతుంది అనేది అందులో విషయం. మంచి చదువే. కాకపోతే ఉపన్యాసాల వల్ల ఎవరూ ఏమీ నేర్చుకోరన్న సంగతిని ఒక పెద్దాయన మాకు పూటంతా ఉపన్యసించి చెప్పారు. మేము నోట్సు రాసుకున్నాం. సంభాషణే చదువుకు ప్రాణం అన్న అంశం మీద నేను రాసిన వ్యాసానికి తరగతిలో అందరికన్నా ఎక్కువ మార్కులు వచ్చాయి. అది రాసినన్ని రోజులు నేను ఎవరితోనూ మాట్లాడలేదు. తరగతిలో పాల్గొన్నందుకు ఇచ్చే మార్కులు మాత్రం నాకు ఎప్పుడూ రాలేదు. మా గైడు మేడం ఒకసారి నన్ను ఆపి, "నువ్వు రాసేటప్పుడు చాలా గట్టిగా మాట్లాడతావు. అదే నోటితో ఎప్పుడైనా చేస్తావా?" అని అడిగారు. నేను తల ఊపాను.

చివరి సంవత్సరం థీసిస్ కోసం జగిత్యాలలో ఆ ట్యాబుల ప్రాజెక్టు ఆఫీసులో చేరాను. దాని పెద్ద ఒక సారు. ఆయనకు బడికన్నా, పిల్లలకన్నా, మధ్యాహ్న భోజనంకన్నా కూడా ఇష్టమైనది గోడకు బిగించిన ఒక పెద్ద తెర. ఏ ఊరి పిల్లలు ఎన్ని నిమిషాలు ట్యాబు ముందు ఉన్నారో దాని మీద గీతలు పైకీ కిందికీ పాకుతుండేవి. అందుకని ఆఫీసులో మేమంతా ఆయన్ని చాటుగా డాష్‌బోర్డు సారు అనేవాళ్లం. ఉదయం వచ్చి చెప్పులు విడవకముందే ఆ తెరకు ఒక నమస్కారం లాంటిది పెట్టేవారు. ట్యాబులో పరీక్షలు పెట్టలేదు. మార్కులు పిల్లల్ని భయపెడతాయని, కావలసింది నిమిషాలేనని ఆయన సిద్ధాంతం. పిల్లవాడు నిజంగా ముందున్నాడో లేడో తెలియడానికే ఆ ఊపడం. చదువులో శరీరానికి కూడా భాగం ఉండాలని ఎవరో పెద్దవాళ్లు రాశారట. ఆ శరీరం వంతును సారు ఆ ఊపడంతో తీర్చేశారు.

గొంతు కోసం ఒక ఆర్టిస్టు రావలసి ఉండె. రాలేదు. ఆఫీసులో మిగిలినవాళ్లు తెలుగును ఇంగ్లిష్ అక్షరాల్లో తప్ప చదవలేని స్థాయికి చదువుకున్నవాళ్లు. సారు చూపు మూలన కూర్చున్న నా మీద పడింది. "తాత్కాలికమే అమ్మా, ఆర్టిస్ట్ రాగానే మార్చేద్దాం" అన్నారు. కాదనాలంటే మాట్లాడాలి కదా, తల ఊపాను. బయట హారన్ల మోత వినబడకుండా స్టోర్ రూములో అట్టపెట్టెల మధ్య కూర్చోబెట్టి, నెత్తి మీద నుంచి ఒక మందపాటి దుప్పటి కప్పారు. అది మే నెల. ఆ చీకట్లో, చెమటలు కారుతుంటే, ఎవరి ముఖమూ కనబడకుండా ఉంటే నాకు మాటలు ఎంత బాగా వచ్చాయో నేనే ఆశ్చర్యపోయాను. "శభాష్" అన్నప్పుడైతే నిజంగానే ఎవరినో మెచ్చుకుంటున్నట్టు అనిపించింది. ఆర్టిస్టు ఆ తర్వాత కూడా రాలేదు. కానీ తెర మీద "గొంతు పని పూర్తయింది" అని ఆకుపచ్చ గుర్తు పడడంతో, ఆర్టిస్టు వచ్చి వెళ్లిందన్న నమ్మకంలోకి సారు వెళ్లిపోయారు. ఆయన నమ్మకాన్ని చెడగొట్టాలంటే మళ్లీ మాట్లాడాలి.

ట్యాబులు పంచిన కొద్ది కాలానికే తెర మీద ఒక వింత కనబడింది. జగిత్యాల గీత నడుము వంగి నడుస్తోంది. కోరుట్ల గీత సాయంత్రం కాగానే పడుకుంటోంది. సిరిసిల్ల గీత మాత్రం, అందులోనూ పక్కనున్న తంగళ్లపల్లి గీత, పొద్దున మొదలుపెడితే చీకటి పడినా దిగడం లేదు. ఆదివారం లేదు, పండుగ లేదు. సారు ఆ గీత ముందు నిలబడి కళ్లు తుడుచుకోవడం నేను చూశాను.

ఇక వివరణలు మొదలయ్యాయి. నేత కుటుంబాల్లో తరతరాల ఓపిక ఉంటుందని, పోగు తర్వాత పోగు వేసినట్టే పిల్లలు పాఠం తర్వాత పాఠం వేస్తున్నారని ఒక నిపుణుడు కారులో వచ్చి, కారు దిగకుండానే కనుక్కున్నాడు. కరెంటు పోయినప్పుడల్లా గీత ఠక్కున పడిపోవడం కూడా గమనించారు. పాపం వెలుతురు లేక చదవలేకపోతున్నారని తేల్చి, సోలారు దీపాలకు ఒక ప్రతిపాదన తయారుచేశారు. ఆసాములు సమ్మె చేసి సాంచెలు ఆపినన్ని రోజులు గీత నేల మీదే పడుకుంది. (మా వైపు పవర్‌లూమును సాంచె అంటారు, వాటిని నడిపించే యజమాని ఆసామి.) అది పెద్దల కష్టం చూసి పిల్లల మనసు కలత చెందడం వల్ల అని రాసుకున్నారు. సమ్మె విరమించిన పూటే పిల్లల మనసు ఎట్లా కుదుటపడిందో మాత్రం ఎవరూ అడగలేదు. సారు నన్ను పిలిచి, "నీ థీసిస్ ఇదే అమ్మా. సిరిసిల్ల పిల్లల్లో ఈ తపన ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కో" అన్నారు. తంగళ్లపల్లిలో మా చిన్నమ్మ ఉంది. బట్టలు సర్దుకుని వెళ్లాను.

చిన్నమ్మ వాళ్లది ముందు గదిలో సాంచెలు, వెనక గదిలో మనుషులు ఉండే ఇల్లు. ఆ ఇంట్లో మాట్లాడడం అంటే అరవడమే. అక్కడివాళ్లు ప్రేమగా అన్నం తినమన్నా కొత్తవాళ్లకు తగాదా పడుతున్నట్టుంటుంది. నాలాంటిదానికి మహా సుఖమైన చోటు. పెదవులు కదిపితే చాలు, ఏదో చెప్పిందనుకుంటారు. చిన్నమ్మ చిన్న కూతురు ఏడో తరగతి. బడిలో అందరికన్నా ఎక్కువ చుక్కలు దానివే కాబట్టి దాన్ని అందరూ చుక్కల పిల్ల అంటున్నారు. నేను వెళ్లేసరికి అది మూలన కూర్చుని నూలు కండెలు చుడుతోంది. చేతిలో ట్యాబు లేదు.

"ట్యాబు ఏది?" అని సైగ చేశాను.

అది గడ్డంతో చూపించింది. సాంచె పక్క ఇనుప కమ్మీకి, గుడ్డ పేలికతో మెడకు ఉరి వేసినట్టు కట్టి ఉంది ట్యాబు. సాంచె ఆడుతున్నకొద్దీ అదీ దడదడా ఊగుతోంది. దగ్గరికి వెళ్లి చెవి ఆనించాను. ఆ మోతలో ఎక్కడో అడుగున, బావిలో పడ్డ మనిషిలా, నా గొంతు. "ఇంకా అక్కడే ఉన్నావా, చిన్నారీ?" సాంచె ఊపింది. "శభాష్." ఒక చుక్క. మళ్లీ "ఇంకా అక్కడే ఉన్నావా?" సాంచె ఎక్కడికి పోతుంది, అక్కడే ఉంది. "శభాష్." అంత ఆప్యాయంగా నేను ఒక ఇనుప యంత్రాన్ని మెచ్చుకుంటూ నెలలు గడిపానన్న సంగతి అప్పుడు తెలిసింది. పక్క ఇంట్లో తొంగి చూశాను. అక్కడా అంతే. ఆ వాడలో సాంచెలన్నీ ఏడో తరగతి చదువుతున్నాయి.

"నాకేం ఎర్క బిడ్డా," అని చిన్నమ్మ నా చెవి దగ్గర అరిచింది. "సదువు గట్లనే అంటుకుంటదేమొ అనుకున్న. మా సాంచె ఈసారి పరీచ్చ రాత్తె పాసైతదట."

చుక్కల పిల్ల నవ్వలేదు. కండెలు వదిలేసి వచ్చి నా చున్నీ పట్టుకుంది. "చెప్పకు అక్కా. నిమిషాలు తక్కువైన బడికాడికెల్లి ట్యాబులు గుంజుకపోతరట, మా సారన్నడు. నేను కండెలు సుట్టుకుంట దాన్నెట్ల ఊపాలె? సాంచె ఎట్లైనా ఊగుతది గదా, ఊపుమని దానికే ఇచ్చినం. చెప్తె ట్యాబు పోతది."

"పోతే ఏమైంది, నువ్వు చూడనే చూడవు కదా" అనబోతున్నాను. అంతలో కరెంటు పోయింది.

సాంచెలన్నీ ఒక్కసారి ఆగాయి. ఆ నిశ్శబ్దం ఎట్లాంటిదంటే, ఎక్కడో బావి దగ్గర ఎవరో గొంతు సవరించుకున్నది కూడా వినబడింది. పెద్దవాళ్లు బీడీలు ముట్టించుకుని బయటికి నడిచారు, చిన్నమ్మ గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుంది. చుక్కల పిల్ల మాత్రం గభాలున ట్యాబు ముడి విప్పి, దాన్ని ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చుంది. పక్కిళ్ల నుంచి ఇంకో ఇద్దరు ఆడపిల్లలు వచ్చి దాని భుజాల మీద గడ్డాలు ఆనించారు. భిన్నాల పాఠం. నా గొంతు రొట్టెను సమానంగా విడగొడుతోంది. మధ్యలో "ఇంకా అక్కడే ఉన్నావా, చిన్నారీ?" అని అడిగితే, "ఉన్నం తియ్, చెప్పు" అని ముగ్గురూ ఒకే మాటగా అన్నారు. ఊపడం మరిచిపోయారు. ట్యాబు వాళ్లు లేరనుకుని నిమిషాల లెక్క ఆపేసింది, వాళ్లు ఆగలేదు. మట్టిలో పుల్లతో గీసుకుంటూ లెక్క చేసుకున్నారు, తగువులాడుకున్నారు, ఒప్పుకున్నారు. ఆ సమయంలో జగిత్యాలలో గోడ మీద తంగళ్లపల్లి గీత ఠక్కున పడిపోయి ఉంటుంది. సారు అయ్యో అని నిట్టూర్చి ఉంటారు. "సమ్మె అయినప్పుడు పొద్దంత గిట్లనే ఇన్నం అక్కా" అంది చుక్కల పిల్ల. కరెంటు రాగానే ట్యాబు మళ్లీ కమ్మీకి ఎక్కింది.

నేను ఎవరికీ చెప్పదలుచుకోలేదు. ఇందులో గొప్ప మనసు ఏమీ లేదు. చెప్పాలంటే మాట్లాడాలి, అంతే. థీసిస్‌లో సిరిసిల్ల తపన గురించి నాలుగు మంచి మాటలు రాసి, చివర "ఈ విషయంపై ఇంకా పరిశోధన జరగవలసి ఉంది" అని ముగిద్దామనుకున్నాను. మా చదువులో ఆ వాక్యం దాటలేని వాగు లేదు. పిల్ల ట్యాబు పిల్లకు ఉంటుంది, నా పట్టా నాకు వస్తుంది.

జగిత్యాలలో ఒక ఫంక్షన్ హాలులో సభ పెట్టారు. ముందు రోజు జరిగిన పెళ్లి తాలూకు పూలు వేదిక మీద ఇంకా వేలాడుతున్నాయి. ట్యాబులకు సొమ్ము ఇచ్చిన కంపెనీవాళ్లు, నిపుణులు, హెడ్‌మాస్టర్లు, మా గైడు మేడం ముందు వరుసలో ఉన్నారు. డాష్‌బోర్డు సారు సిరిసిల్ల గీతను గోడంత చేసి చూపించారు. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే ఆయన ఇంకో మాట అన్నారు.

"మన లక్ష్యం అక్కడ నెరవేరింది. ఆ పిల్లలకు ఇక మన సాయం అక్కర్లేదు. కాబట్టి ఈ నెలాఖరుకు ఆ ట్యాబులు వాపసు తెచ్చి, గీత తక్కువగా ఉన్న రాయికల్ బడులకు ఇద్దాం. ఇప్పుడు మన అమ్మాయి సిరిసిల్ల విజయం మీద మాట్లాడుతుంది."

నిమిషాలు తక్కువైతే తీసుకుపోతారని పిల్ల భయపడింది. ఎక్కువైనా తీసుకుపోతారని దానికి ఎవరు చెప్పగలరు? నేను ఇప్పుడు నోరు విప్పకపోతే మెట్టు మీది ఆ పాఠం పోయినట్టే. మైకు ముందు నిలబడ్డాను. మాట రాలేదు. సారు "గట్టిగా అమ్మా" అన్నారు, నేను ఏదో అన్నాననుకుని. అంతమంది ముఖాలు. నాకు తోచింది ఒకటే. చున్నీ తీసి నెత్తి మీద నుంచి ముఖం మీదికి లాక్కున్నాను. (కొత్త పెళ్లికూతురిలా ఉన్నానని, వేదిక కూడా అందుకు తగ్గట్టే ఉందని మేడం తర్వాత చెప్పారు.) చీకటి అయింది. అట్టపెట్టెలు గుర్తొచ్చాయి. మాటలు వచ్చాయి.

"సార్, సిరిసిల్లలో పిల్లలు నేర్చుకోలేదు. సాంచెలు నేర్చుకున్నాయి."

హాలులో ఎవరో హెడ్‌మాస్టరు దగ్గి, దగ్గును మధ్యలో ఆపుకున్నారు. ట్యాబులు ఎక్కడ వేలాడుతున్నాయో చెప్పాను. గీత పైకి పోయినప్పుడల్లా అది సాంచె చదువు. కరెంటు పోయి గీత పడిపోయినప్పుడే పిల్లల చదువు అని చెప్పాను. సమ్మె జరిగినన్ని రోజులు ఆ వాడ పిల్లలు పొద్దంతా పాఠాలు విన్నారని, అవి మన తెర మీద సున్నాలని చెప్పాను. పిల్లలు దొంగతనం చేయలేదు సార్, మనం నిమిషాలు అడిగాం, వాళ్లు నిమిషాలు ఇచ్చారు. పాఠం మాత్రం వాళ్లకోసం దాచుకున్నారు, ట్యాబులు తీసుకుపోకండి అన్నాను. కంపెనీ పెద్దాయన పక్కవాళ్లతో "ఈ అమ్మాయి గొంతు ఎక్కడో విన్నట్టుందే" అనడం చున్నీలోంచి వినబడింది. సారు అటూ ఇటూ చూసి, "మన ఆర్టిస్ట్ గొంతులా ఉంది కదూ" అన్నారు.

మేడం లేచి, "ఆ గీతను ఒకసారి తలకిందులుగా చూడండి" అన్నారు. అంతే, హాలంతా మెడలు వంచింది. సారు మహానుభావులు, ఓటమిని కూడా వృథా పోనివ్వరు. ఒక్క క్షణం పాలిపోయి, మరుక్షణం తేరుకుని, "అంటే లక్ష్యం ఇంకా నెరవేరలేదన్నమాట. రెండో దశ కావాలన్నమాట" అన్నారు. మొదటి దశ విజయానికి రాని ఉత్సాహం కంపెనీవాళ్లకు రెండో దశ అనగానే వచ్చింది. ట్యాబులు సిరిసిల్లలోనే ఉండాలని అక్కడికక్కడే తీర్మానించారు. కరెంటు కోతలే అభ్యసనానికి అనుకూలమని తేలింది కాబట్టి, కోతలు పెంచమని విద్యుత్ శాఖను కోరవచ్చా అని కారు నిపుణుడు అడిగాడు. (ఈ సంగతి చెబితే చిన్నమ్మ, "మా ఆసామి ముంగట ఈ ముచ్చట తియ్యకు బిడ్డా, ఉన్న కోతకే మా పానం పోతంది" అంది.) చివరికి ఇయర్‌ఫోన్లు ఇద్దామన్నారు. అవి వస్తున్నాయని విన్నాను. అప్పటి నుంచి వస్తూనే ఉన్నాయి. ఊపడం మాత్రం తీసేశారు. నాకు పట్టా ఇచ్చారు. తరగతిలో పాల్గొన్నందుకు మార్కులు అప్పటికీ ఇవ్వలేదు.

ఇప్పుడు నేనే టీచర్లు కాబోయేవాళ్లకు పాఠం చెబుతున్నాను. వెనక బెంచీవాళ్లకు వినబడదని ఫిర్యాదు ఉంది. మాట తడబడినప్పుడు చున్నీ మీదికి చెయ్యి దానంతటదే పోతుంది. ముఖం మీదికి లాక్కుందామనుకుని, మళ్లీ భుజం మీద సర్దుకుంటాను. అప్పుడు, మైకు ముందు ముసుగేసుకుని నిలబడ్డ ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొస్తుంది. దాని ధైర్యం నాకు ఇప్పుడు లేదేమోనని కూడా అనిపిస్తుంది.

సభ అయిన మర్నాడు, ట్యాబు ఎక్కడికీ పోదని చెప్పడానికి తంగళ్లపల్లికి వెళ్లాను. తిరుగు ప్రయాణంలో చుక్కల పిల్ల రోడ్డు దాకా వచ్చింది. సాంచెల మోత అక్కడికి కూడా వినబడుతూనే ఉంది. బస్సు ఎక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక, ఏదైనా నాలుగు మాటలు చెప్పాలనుకుని, ఎప్పటిలాగే తల ఊపాను. బస్సు కదిలే ముందు అది కిటికీ కమ్మీ పట్టుకుని మునివేళ్ల మీద లేచి, అటూ ఇటూ చూసి, నాకు మాత్రమే వినబడేటట్టు చెప్పింది:

"ట్యాబుల మాట్లాడేది ఎవలో నాకు మొదటిసారి కరెంటు పోయిన్నాడే ఎర్కైంది అక్కా. ఎవ్వలకు చెప్ప తియ్. కని గామెను జర గట్టిగ మాట్లాడుమను, సాంచెలల్ల ఇనవడ్తలేదు."